వరస తిరగేసిన గవరమ్మ

దగ్గరగా జరిగి కూర్చోండి తల్లులారా, నాయనలారా. చదువుల తల్లికి ఓ దణ్ణం పెట్టుకుని వినండి.

పూర్వం ఒక రాజ్యంలో విద్యాధికారి ఏటా ప్రతి బడికీ వచ్చి, అవే ప్రశ్నలు అదే వరసలో అడిగేవాడు. వరసగా కూర్చున్న పిల్లలు తలా ఒక ప్రశ్నకు టకటకా జవాబు చెప్పేవారు. రాజ్యంలో చదువు వెలిగిపోతోందని రాజుగారు మురిసిపోయేవారు.

నేతపని చేసుకునే గవరమ్మకు మాత్రం దిగులు. ఐదేళ్ళు బడికెళ్ళిన కూతురు అచ్చి గుడి గోడ మీదున్న దేవుడి పేరు చదవలేకపోయింది.

"మరి పరీక్షలో ఏం చెప్పావే?"

"నాది ఆఖరి చోటమ్మా. ఏమడిగినా గాడిద అనమన్నారు పంతులుగారు."

ఆ ఏడు పరీక్షకు రాజుగారే వచ్చారు. గవరమ్మ చేతులు కట్టుకుని, "ప్రభూ, చివరి పిల్లలు ఎండలో మాడుతున్నారు. ఈ ఒక్కసారికి వరస తిరగేసి కూర్చోబెట్టించండి" అంది.

రాజుగారు సరేనన్నారు. పంతులుగారికి చెమటలు పట్టాయి.

విద్యాధికారి గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న అడిగాడు. "ఈ రాజ్యంలో చదువుల బరువంతా మోస్తున్నదెవరు?"

అచ్చి లేచింది. "గాడిదండీ."

ఆఖరి ప్రశ్న దాకా అదే తంతు. అది ఎప్పుడూ మొదటి చోట కూర్చునే పిల్లవాడి వంతుకొచ్చింది. "చాకలి మూటలు మోసేదేది?"

"మన విద్యాధికారి గారండీ."

"వీళ్ళు వట్టి మొద్దులు ప్రభూ" అన్నాడు అధికారి.

"మొద్దులు కారు బాబూ" అంది గవరమ్మ. "నేర్పింది నేర్పినట్టే చెప్పారు. చోటు మారిందంతే."

రాజుగారు నవ్వి, ఆపై తలదించుకున్నారు. ఇకమీదట ప్రతి బిడ్డా ఎన్నడూ చూడని తాటాకు చదివి చూపాలని ఆజ్ఞ వేశారు. మరుసటేడు అచ్చి దేవుడి పేరు చదివింది.

గవరమ్మ చేసిన ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. పిల్లల్ని చోటు మార్చి అడగండి. నలుగురికీ చెప్పండి.