వానపాముకి పెట్టిన సిసలైన పేరు

రత్నగిరి ఏలే మల్లభూపతికి పొద్దున తోచిన మాట మధ్యాహ్నానికల్లా శాసనమైపోయేది. జనం అదృష్టం కొద్దీ ఆయనకి రోజూ ఏదీ తోచేది కాదు.

ఒకనాడు ఆస్థాన పండితుడు నరహరిభట్టు ఆయన చెవిలో జోరీగలా రొద మొదలెట్టాడు.

“ప్రభూ! ముళ్ళపంది పంది కాదు. నీటికుక్క కుక్క కాదు. వానపాము అసలు పామే కాదు! ఇన్ని అబద్ధాలాడే రాజ్యం బాగుపడుతుందా?”

“అవును సుమా!” అన్నాడు రాజు.

ఇంకేముంది, ఊరంతా చాటింపు వేశారు. ఏ ప్రాణినైనా తప్పుడు పేరుతో పిలిస్తే ఇరవై కొరడా దెబ్బలు. వానపాముకి భట్టుగారు పెట్టిన సిసలైన పేరు ‘పాదాస్థిరహిత మృత్తికాభక్షక దీర్ఘదేహి’. అది పలికేలోపు ఆ ప్రాణి పొరుగూరికి పాకిపోతుంది.

మూడో రోజే కోట తోటమాలి పోలయ్య దొరికిపోయాడు. “ఈ మడిలో వానపాములు బోలెడు, పూలు విరగపూస్తాయి” అని నోరు జారాడు పాపం. అరవై దాటిన మనిషి, ఇరవై దెబ్బలు తింటే మళ్ళీ లేవడు.

రాజుకి తాంబూలం అందించే గంగప్పకి కడుపు మండిపోయింది. పోలయ్య పెంచిన తమలపాకులే అతను రోజూ చుట్టేది.

మర్నాడు కొలువు తీరింది. పోలయ్యని తాళ్ళతో కట్టి తెచ్చి ఓ పక్కన నిలబెట్టారు. మొదట భట్టుగారికి పూలదండ వేయడం, ఆ తర్వాతే తీర్పులూ శిక్షలూ, అది అక్కడి ఆనవాయితీ. ఆ పూట గంగప్ప ముందుకొచ్చి దండ తనే వేశాడు. వేసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు.

“అయ్యవారూ, తమ మెడ వెనక పాదాస్థిరహిత మృత్తికా...”

“భేష్! ఉచ్చారణ బాగుంది, కానివ్వు” అన్నాడు భట్టు.

“...భక్షక...”

చల్లగా, తడిగా ఏదో భట్టుగారి వీపు మీదికి జారింది.

“పామూ! బాబోయ్ పామూ! తీయండ్రా!”

భట్టు వేసిన గంతుకి దండ తెగింది, ఉత్తరీయం ఊడింది, పిలక విడిపోయింది. జానెడు వానపాము ఒకటి నేల మీద పడి మెలికలు తిరిగింది.

గంగప్ప వినయంగా వంగాడు.

“ప్రభూ, పోలయ్య దీన్ని వానపామనైనా అన్నాడు. అయ్యవారు ఏకంగా పామనే అనేశారు. అతనికి ఇరవై దెబ్బలైతే, ఈయనకి ఎన్ని?”

“శాసనం రద్దు చేయండి మహాప్రభో!” అని అందరికంటే ముందు అరిచింది భట్టుగారే.

కొలువంతా ఘొల్లుమంది. రాజు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పోలయ్య కట్లు విప్పించి, తన చేతి కడియం తీసి గంగప్పకి తొడిగాడు.