వాననీటికి నడక నేర్పిన నాంచారి

అనగా అనగా, ఎన్ని వానల కిందటో ఎవరూ చెప్పలేరు గానీ, నల్లచెరువు ఒడ్డున ఒక వాడ ఉండేది. ఆ వాడకి మూడు వీధులు. మూడూ చెరువు వైపే వాలి ఉండేవి. అన్నిటికంటే దిగువన, నీటికి కూతవేటు దూరంలో నాంచారి గుడిసె. ఆమె తుంగ కోసుకొచ్చి చాపలల్లి అమ్ముకునేది. మనిషి పొట్టి, మాట మెత్తన. నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినబడేది.

వాన పడితే చాలు, మూడు వీధుల నీళ్లూ చెరువులోకి పరిగెత్తేవి. పేడని తెచ్చేవి, బూడిదని తెచ్చేవి, బురదని తెచ్చేవి. ఏడాదికేడాది చెరువు పచ్చగా చిక్కబడింది. చేపలు చచ్చి తేలాయి. ఆ నీళ్లు తాగిన పిల్లలకి కడుపునొప్పులు పట్టుకున్నాయి. ఇళ్లు వదిలి పోదామని కొందరు మూటలు కూడా కట్టుకున్నారు.

వాడకి పెద్ద గవరయ్య. మంచివాడే, కాస్త తొందర మనిషి. జబ్బులన్నీ వీధుల్లో నిలిచే నీటివల్లేనని, చెరువుదాకా తిన్నగా రాతికాలువ కట్టి వాననీటిని గబగబా పంపించేద్దామని అన్నాడు. అందరూ సరేనన్నారు. నాంచారి ఒక్కతే వద్దంది.

“నీళ్లు పరిగెత్తితే మురికిని మోసుకొస్తాయి బాబూ. నడిస్తే దించేస్తాయి. అవతలి ఒడ్డున వాగు తుంగలోంచి మెల్లగా నడిచి వస్తుంది. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి. రోజూ చూస్తున్నాను.”

గవరయ్యకి నమ్మకం కుదరలేదు. అయినా ఒక్క వానాకాలం ఆగుతానన్నాడు.

మర్నాడే నాంచారి పలుగు పట్టింది. తన పెరట్లో, వీధినీళ్లు వచ్చే దారిలో ఒక గుంట తవ్వింది. మొదటి వాన వచ్చింది. బరువైన బురద అడుగున దిగింది గానీ, చెత్త దాటిపోయింది. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, దాని దిగువన ఇంకో గుంట తవ్వి గులకరాళ్లు నింపింది. రెండో వాన వచ్చింది. చెత్త ఆగింది గానీ, నీళ్లు మసకగానే ఉన్నాయి. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, మూడో గుంట తవ్వి, వేళ్లతో సహా తుంగ తెచ్చి నాటింది.

గవరయ్య వచ్చి చూశాడు. పెరడంతా గుంటలే.

“చాపలు ఎక్కడ ఆరబెడతావే నాంచారీ?”

“చూరు మీద వేసుకుంటాను బాబూ. చెరువునైతే ఇంకోచోట పెట్టుకోలేం కదా.”

తుంగ వేళ్లూనింది. అప్పుడు పట్టింది ముసురు. మూడు రోజులు వదల్లేదు. గుంటలు పొంగితే శ్రమంతా చెరువుపాలే. నాంచారి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, ఆకూ అలమూ అడ్డుపడకుండా తీస్తూనే ఉంది. మూడో రోజు పొద్దున గవరయ్య తాటాకు గొడుగు వేసుకుని వచ్చాడు. ఆఖరి గుంట దాటి వస్తున్న నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. వంగి చూసుకుంటే తన కాలిగోళ్లు పదీ కనబడ్డాయి.

గొడుగు పక్కన పెట్టి, ఆమె చేతిలో పని అందుకున్నాడు.

“నువ్వు కాసేపు కూర్చో అమ్మా,” అన్నాడు.

రాతికాలువ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాన తెరిపిచ్చాక మూడు వీధుల చివరా మూడేసి గుంటలు వెలిశాయి. బురదకొకటి, చెత్తకొకటి, తుంగకొకటి. చెరువు ఒక్కరోజులో మారలేదు. మూడేళ్లు పట్టింది. ముందు కప్పలు వచ్చాయి, తర్వాత చేపలు వచ్చాయి, ఆ తర్వాత కొంగలు వచ్చాయి. మూటలు కట్టుకున్నవాళ్లు ఎప్పుడు విప్పుకున్నారో వాళ్లకే గుర్తులేదు.

నాంచారి పండు ముసలిదై, ఒక ఎండాకాలం నిద్రలోనే పోయింది. వాడంతా ఏడ్చింది. ఆ ఏడు తొలివాన పడి వీధిలో నీళ్లు కదిలినప్పుడు, గవరయ్య భార్య గడపలో నిలబడి, ఏటా నాంచారికి చెప్పే అలవాటు కొద్దీ, నీళ్లొస్తున్నాయని దిగువకి కేకేసింది. కేకేశాక గాని నాంచారి లేదని ఆమెకి గుర్తు రాలేదు. ఎవరూ నవ్వలేదు. పక్కింటావిడ కూడా కేకేసింది.

ఇప్పటికీ అక్కడ తొలివాన పడితే పిల్లా పెద్దా గడపల్లోకి వస్తారు. గుంటల వైపు తిరిగి ఒక్క గొంతుతో పిలుస్తారు:

“నాంచారమ్మా, నీళ్లొస్తున్నాయి, చూసుకో!”

పిలిచి, గంపలు పట్టుకుని చూసుకోవడానికి తామే వెళతారు.