మిగ్గిన బోర్లించిన కంచం

ఈ కథ ఎప్పటిదని అడక్కండి. సముద్రం అప్పుడూ ఉప్పగానే ఉంది. రాజులు అప్పుడూ ఆకలిగానే ఉన్నారు.

ఆ సముద్రానికి దక్షిణపు ఒడ్డున, కార్తేజ్ పట్నానికి కొండల అవతల ఒక పల్లె. పల్లె చుట్టూ ఆలివ్ తోటలు. ఆ చెట్లు నాటింది పల్లెవాళ్ళ తాతముత్తాతలు. నీళ్ళు మోసింది వాళ్ళు. కాయ దులిపి నూనె తీసింది వాళ్ళు. అలాంటి తోటల్ని, ఎక్కడినుంచో ఓడలెక్కి వచ్చిన వాండలులు ఒక్క పూటలో లాక్కున్నారు.

"ఇవి మావి. మీరు మా పాలేర్లు" అన్నారు.

అదేమిటని అడిగినవాడి వీపు చిట్లింది.

వాండల దొర తోట నడుమ పెద్ద ఇల్లు కట్టి, సావిట్లో ఎత్తుపీఠం వేయించుకున్నాడు. అతని కొడుకు ఆ పీఠం మీదే కూచుని తిన్నాడు. మనవడూ అక్కడే కూచుని తిన్నాడు. ఆ మనవడు దొరగా ఉన్న రోజుల్లో అతనికి వండి వడ్డించిన మనిషే మిగ్గిన. పల్లె పిల్లే. పొట్టిగా ఉండేది. నలుగురిలో నోరు విప్పాలంటే తడబడేది. వాళ్ళ నాన్న కాయలు దులుపుతూ చెట్టుమీంచి పడి చచ్చిపోతే, ఆ చెట్టు కింద పూడ్చుకుంటామని కాళ్ళు పట్టుకుంది.

"నా తోటలో నీ శవాలేమిటి?" అన్నాడు దొర.

ఇలా ఉండగా, తూర్పు దేశపు చక్రవర్తి ఓడలు వచ్చాయి. వాండల రాజ్యం మీద యుద్ధం. దొర గుర్రమెక్కుతూ వంటింటి వైపు కేకేశాడు.

"ఏమే మిగ్గినా! పొట్టేలుని కాల్చు. మధ్యాహ్నానికి వాళ్ళని తరిమేసి వస్తాను."

"అలాగే దొరా."

పొట్టేలు కాలింది. రొట్టెలు పొంగాయి. మధ్యాహ్నం అయింది. వచ్చింది దొర కాదు, చక్రవర్తి సేనలోని దళపతి. దొర పొలిమేరలోనే చచ్చి పడున్నాడు. దళపతి నెత్తుటి చేతులు కడుక్కుని, ఎత్తుపీఠం మీద కూచున్నాడు.

"మాకోసమే వండినట్టుందే! ఏమమ్మా, ఇంక భయం లేదు. మిమ్మల్ని విడిపించడానికే చక్రవర్తి మమ్మల్ని పంపాడు."

మిగ్గిన తడబడుతూనే అడిగింది. "అయ్యా, మరి మా తోటలు?"

"మీవే! ఇంకెవరివి? వడ్డించు."

ఆమె వడ్డించింది. ఆ మాట విని పల్లె పల్లెంతా గంతులేసింది.

ఓడలు తిరిగి వెళ్ళినా దళపతి మాత్రం వెళ్ళలేదు. చచ్చిపోయిన దొర భార్య గున్‌తిల్దని సావిట్లోకి ఈడ్చుకొచ్చి, "ఈమె ఇక నా పెళ్ళాం" అన్నాడు. ఆ సాయంత్రం ఎన్నడూ వంటింటి గడప తొక్కని దొరసాని వచ్చి పొయ్యి పక్కన నేలమీద కూలబడింది.

"నన్నెవరూ అడగలేదే మిగ్గినా."

"మమ్మల్నీ ఎవరూ అడగలేదమ్మా" అంది మిగ్గిన. అని, ఒక రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు దళపతి మీసం దువ్వుకుంటూ చాటించాడు. "పెళ్ళాం ఆస్తి మొగుడిది. తోటలు నావి."

మిగ్గిన మళ్ళీ అడిగింది. "అయ్యా, మావేనన్నారు కదా?"

"అన్నానా? యుద్ధంలో సవాలక్ష అంటాం. వడ్డించు."

ఆమె వడ్డించింది.

ఆ తర్వాత చక్రవర్తి అధికారి దిగాడు. మెత్తటి చేతులు, మెత్తటి మాట. వెంట కొలతతాళ్ళు పట్టుకున్న మనుషులు. "ఓడిపోయిన శత్రువు భూమి చక్రవర్తిది" అని దళపతిని ఇంట్లోంచి గెంటేశాడు. గున్‌తిల్దని మిగతా వాండలులతోపాటు ఓడెక్కించాడు. ఎక్కడికని ఆమెకీ చెప్పలేదు. ఇక ఎత్తుపీఠం మీద తనే కూచున్నాడు.

మూడోసారి అడిగింది మిగ్గిన. "అయ్యా, వాండలులు రాకముందు ఈ తోటలు మావి."

"రుజువేదమ్మా?"

"చెట్లున్నాయి కదయ్యా. మావాళ్ళు నాటినవే."

అధికారి పకపకా నవ్వాడు. "రేపు హద్దురాళ్ళు పాతిన సంబరం. ఊళ్ళో మేకలన్నీ తోలుకురండి. వండి వడ్డించు."

మేకల్ని పల్లె దొడ్లలోంచే తోలుకొచ్చారు. పిండి పల్లె గాదెల్లోంచే ఊడ్చుకొచ్చారు. మిగ్గిన తెల్లారినప్పటినుంచీ వండింది. అంత బాగా ఎన్నడూ వండలేదు. వండి, ఒక్కొక్క కుండనే పెరటిదారిన మోసుకెళ్ళి, వాకిట్లో ఎండలో నిలబడ్డ పల్లెవాళ్ళ ముందు దించింది.

"తినండి. మీ మేకలే. మీ పిండే."

నంఫామో తాత భయపడ్డాడు. "ఎందుకు తల్లీ మనకీ గొడవ?"

"తిను తాతా. తర్వాత మాట్లాడుకుందాం."

ఆకలి ఎంతకని ఆగుతుంది? తిన్నారు.

సావిట్లో అధికారి చేతులు కడుక్కుని కూచున్నాడు. మిగ్గిన అతని ముందు కంచం పెట్టింది. బోర్లించి పెట్టింది.

"ఏమిటిది?"

"ఈ పీఠం మీద నేను వడ్డించిన మొదటాయన, తాత లాక్కున్న మా తోటల్ని మింగాడు. రెండో ఆయన ఇస్తానని మింగాడు. మీరు తాడేసి కొలిచి మింగుతున్నారు. ముగ్గురికీ వడ్డించిన చేయి ఇదే. ఇంక వడ్డించదు."

ఈసారి ఆమె ఒక్క మాటకీ తడబడలేదు.

అధికారి మనుషులు ఆమెని వాకిట్లో స్తంభానికి కట్టి కొరడాలతో కొట్టారు. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ చెప్పి తీరాలి. ఆమె పెట్టింది కడుపారా తిన్నవాళ్ళలో ఒక్కడూ లేవలేదు. ఒక్కడూ వద్దనలేదు. మూతులు తుడుచుకుని, తలలు వంచుకుని నిలబడ్డారు. ఆలివ్ కాయ రంగు తిరక్కముందే మిగ్గిన ఆ దెబ్బలతోనే పోయింది.

అప్పుడు లేచింది సిగ్గు. నంఫామో తాతే ముందు నడిచాడు. హద్దురాయి పీకి పారేసి, ఆ గోతినే పెద్దది చేసి, వాళ్ళ నాన్న పడిన చెట్టు కిందే మిగ్గినని పూడ్చారు. కాయ కోతకి అధికారి బలగంతో వచ్చేసరికి ఊళ్ళో ఒక్క పొయ్యి వెలగలేదు. ప్రతి గడప ముందూ కంచం బోర్లించి ఉంది. కొట్టారు. ఇళ్ళు సోదా చేశారు. కాయ దులిపేవాడు లేడు, గింజ పెట్టేవాడు లేడు. గుర్రాలూ మనుషులూ మాడి మాడి పట్నం దారి పట్టారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ మాడారు. ఆ తోటలు పల్లెవాళ్ళ చేతికి రావడానికి మిగ్గిన ఈడువాళ్ళందరూ పోవాల్సి వచ్చింది.

ఆ పల్లెలో ఈనాటికీ, పెద్దమనిషినని చెప్పుకుంటూ ఎవరైనా వస్తే, మర్యాదగానే కూచోబెడతారు. కాళ్ళకి నీళ్ళిస్తారు. కంచం మాత్రం బోర్లించి పెడతారు. ఆ ఇంటి ఆడమనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంది.

"ఈ తోట ఎవరిదయ్యా?"

"మీదేనమ్మా" అని అతను నలుగురూ వినేలా అనాలి. అన్నా ఆమె వెంటనే కంచం తిప్పదు. ఇంకోసారి అనమంటుంది.