కుట్టు దాచని పడవలు

తెల్లవారింది. సన్నగా వాన పడుతోంది. సముద్రం మీద మబ్బు వాలి ఉంది.

ఆ వానలో ఒడ్డున నిలబడ్డావిడ కడలిపురం రాణి మరకతమ్మ. ఆవిడకి ముగ్గురు కొడుకులు. చిత్రకేతు, పుష్పకేతు, మీనకేతు. ఆవిడ ఎందుకు తడుస్తోందో చెబుతాను, వినండి.

కడలిపురంలో పడవకి మేకు కొట్టరు. పలకల్ని కొబ్బరితాడుతో కుడతారు. ఆ కుట్టు దాచకూడదని ఆచారం. ఎవరైనా చూడొచ్చు, నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినవాడు మళ్ళీ నలుగురికీ చూపించాలి. అందుకే పేటకో రకం పడవ. అడుసు నీళ్ళకి ఒకటి, విరిగే అలలకి ఒకటి, లోతు సముద్రానికి ఒకటి. చిక్కల్లా తెడ్డుతోనే. ఒకరి తెడ్డు విరిగితే పక్కవాడిది పట్టదు. తెడ్డు దూర్చే కన్నం ఎవరిది వారిదే. రోజూ తగువే. రాజుకి విసుగెత్తింది.

అప్పుడొచ్చాడు కరాళుడనే మాంత్రికుడు. అన్నీ ఒకే అచ్చు పడవలు చేసిస్తానన్నాడు. చేసిచ్చాడు. లోపలంతా తారు పూశాడు. కుట్టు చూడబోతే మీకెందుకన్నాడు. రాజు సరేనన్నాడు. పాత పడవలు ఇసుకెక్కాయి.

ఒకనాడు పెద్ద కొడుకులిద్దరూ జాలర్లతో మాంత్రికుడి పడవల్లో వేటకెళ్ళారు. మాంత్రికుడు ఈల వేశాడు. కాపరి వెంట మేకల్లా పడవలన్నీ వాడి దీవి పక్కకి పోయి, లోతు నీళ్ళలో నిలిచాయి. కిరీటం ఇవ్వకపోతే మంత్రం చదువుతానని కబురొచ్చింది. అన్నిటికీ ముడి ఒకటే. చదివితే అన్నీ ఒక్కసారే ఊడతాయి.

మీనకేతు తెడ్డొకటి భుజాన వేసుకుని బయల్దేరాడు. తల్లి ఒడ్డుదాకా వచ్చింది. "అన్నల్ని తీసుకురా. నువ్వూ రా," అంది.

ఏడు సముద్రాలు అక్కర్లేదు, మూడు నీళ్ళు దాటితే దీవి. దారిలో వలలో చిక్కిన పీతని విడిపించాడు. అది తెడ్డు మీదెక్కి కూర్చుని, మాంత్రికుడి ప్రాణం వాడి గుడిసె ముందు వేలాడే పంజరంలోని చిలుకలో ఉందని చెప్పింది.

అడుసు పేటలో చదును పడవ ఇచ్చారు. అడుసు దాటాడు. అలల పేటలో దెబ్బకి విరక్కుండా వంగే పడవ ఇచ్చారు. తెడ్డు పట్టలేదు. పీత కన్నాన్ని కొరికి పెద్దది చేసింది. అలలు దాటాడు. లోతు పేటలో పడవ కుట్టే నూకాలు ఎదురైంది. అక్కడా తెడ్డు పట్టలేదు.

"ఒక్క తెడ్డుతో మూడు పడవలా, దొరబాబూ? మీ వంటింట్లో అన్నానికీ పులుసుకీ గరిటె ఒకటేనా?"

మీనకేతు ఆలోచించి, "గరిటెలు ఎన్నయినా ఉండనీ. తగిలించే కొక్కెం ఒకటైతే చాలు," అన్నాడు.

నూకాలు నవ్వు ఆపుకుని, పీతతో కన్నం కొరికించి, చుక్కాని తనే పట్టింది.

దీవి చేరారు. పీత పాకుతూ పోయి పంజరం తాడు తెంపింది. మీనకేతు పంజరం పట్టుకుని పడవెక్కి, మనుషుల్ని ఒడ్డుకి దింపమని మాంత్రికుడితో అన్నాడు. చిలుకని అతని చేతిలో చూసి మాంత్రికుడు ఈల వేశాడు. పడవలు ఒడ్డుకొచ్చాయి. అందరూ దిగారు. దిగీ దిగగానే మాంత్రికుడు చిలుకని లాక్కుందామని తన పడవలో దూకి, నూకాలు పడవ మీదికి మంత్రం చదువుతూ వచ్చాడు.

ఆ పడవ ఊడలేదు. దాని కుట్టు వేరు. ఊడినవి ఇసుక మీదున్న వాడి పడవలన్నీ, వాడి కాళ్ళ కింద ఉన్నదానితో సహా. వాడి పడవ ముడీ అదే మరి.

వాణ్ణి జుట్టు పట్టి తేల్చారు. చిలుకని ఎవరూ చంపలేదు. అది బతికినన్నాళ్ళూ వాడూ బతికాడు, కడలిపురంలో కొబ్బరిపీచు నానబెడుతూ.

జాలర్లు ఆ దీవి ఒడ్డునే పలకలు ఏరి, తారు గీకి, ఎవరి తీరులో వాళ్ళు పడవలు కుట్టుకున్నారు. తెడ్డు కన్నం మాత్రం అందరూ ఒకే కొలతన తొలిచారు. దారిలో ఒకరి తెడ్డు విరిగితే పక్కవాడు తనది అందించాడు. పట్టింది.

తరవాత మీనకేతు నూకాలుని పెళ్ళాడాడు. అన్నలు రాజ్యం వద్దు, సముద్రమే చాలన్నారు. మీనకేతూ నూకాలూ జుట్టు నెరిసేదాకా రాజ్యమేలారు. అదంతా తరవాతి మాట.

ఆ ఉదయం వానలో పడవలు కనపడ్డాయి. ఏ రెండూ ఒకలా లేవు. మరకతమ్మ నీళ్ళలోకి దిగి లెక్క మొదలుపెట్టింది. పెద్దాడు. నడిమివాడు. జాలర్లు, పేరుపేరునా. చివర చిన్నాడు. నమ్మకం చాలక మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. వెళ్ళినవాళ్ళంతా వచ్చారు. పైగా చుక్కాని దగ్గర ఎవరో పిల్ల.

ఆ పిల్లనీ కలిపి లెక్కపెట్టుకుంది.