తడి ఆరేదాకా

నవోమికి అర్థం కానిది ఒక్కటే. తను నింపిన సీసాలే ఎందుకలా అవుతున్నాయి?

మా మిషన్ ఆసుపత్రిలో రక్తం తియ్యడంలో నవోమిది మంచి చెయ్యి. చంటిపిల్లలు కూడా ఏడవరు. మిగతా నర్సులకి నరం దొరక్కపోతే నవోమిని పిలవమనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆ పిల్ల నడకే మారిపోయేది. గర్వం లేదని నేననను.

జ్వరం ఎందుకొచ్చిందో తేలనప్పుడు రోగి రక్తాన్ని కల్చర్ సీసాలో పోసి వెచ్చని పెట్టెలో ఉంచుతారు. రక్తంలో క్రిమి ఉంటే అది పాలలో వేసిన తోడులా అందులో పెరుగుతుంది. మరి బయటి క్రిమి దూరినా అంతే, అదీ పెరుగుతుంది. ఎక్కడిదని సీసా అడగదు కదా.

ఓబులమ్మ అని ఒక చిన్న పిల్ల, గొర్రెల కాపరి కూతురు, ఎంతకీ దిగని జ్వరంతో వచ్చి చేరింది. నవోమి రెండుసార్లు రక్తం తీసింది. మొదటి సీసాలో మనుషుల నోట్లో ఉండే క్రిమి మొలిచింది. రెండో దాంట్లోనూ నోటి క్రిమే, కానీ వేరే రకం. డాక్టర్ రంగనాయకులు గారు మింగలేక కక్కలేక కూర్చున్నారు. అది నిజంగా పిల్ల రక్తంలోదే అయితే గుండెకి పట్టినట్టు, వారాల తరబడి ఇంజెక్షన్లు పొడవాలి. కాకపోతే ఆ పొడిచినవన్నీ దండగ, ఈలోగా అసలు జబ్బు పిల్లని తినేస్తుంది. రేపు పొద్దున మళ్ళీ తీయించండి, ఈసారి ఇంకెవరినైనా పంపండి, అనేసి వెళ్ళిపోయారాయన.

నవోమికి తల కొట్టేసినట్టయింది. నేరుగా సిస్టర్ అమలోద్భవి దగ్గరికి పోయింది. ఆవిడ సన్యాసిని. మాకందరికీ సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. కోప్పడగా మేమెవరం చూడలేదు. చూసుంటే కాస్త బాగుండేది, ఆవిడ మౌనం భరించడం ఇంకా కష్టం.

నవోమి గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. చేతులు కడుక్కుంది, గ్లౌజులు తొడుక్కుంది, సీసా మూత తుడిచింది, చర్మానికి మందు రాసింది, రాశాక మళ్ళీ వేలు కూడా పెట్టలేదు. ఇంకేం చెయ్యాలో తోచడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సిస్టర్ తన అంగీ చెయ్యి పైకి మడిచి బల్ల మీద చాపింది. నా దగ్గర తియ్యి అంది.

నవోమి అన్నీ సర్దుకుని మొదలుపెట్టింది. మందు రాసి సూది అందుకోబోతుంటే సిస్టర్ ఆగమంది. ల్యాబు నుంచి తెప్పించుకున్న గాజు పళ్ళెం మూత తీసి ముందు పెట్టింది. అందులో క్రిములు పెరగడానికి పోసిన ముద్ద పలచగా పేరుకుని ఉంది.

"ఇందాక నా చేతికి ఏం చేశావో దీనికీ చెయ్యి."

నవోమి అయోమయంగా చూసింది. దూది తీసుకుని పళ్ళెం తుడవబోయింది.

"అది కాదు. దాని తర్వాతది."

"తర్వాత ఏం చేశాను సిస్టర్? ఆరేదాకా ఆగాను, అంతే కదా."

"ఎలా ఆగావు?"

నవోమికి ఎంత ఆలోచించినా తట్టలేదు. సరే, మళ్ళీ చేసి చూద్దామని సిస్టర్ చేతికి ఇంకోసారి మందు రాసింది. మంట పుడుతుందేమోనని అలవాటుగా తల వంచింది. ఉఫ్ ఉఫ్ మని రెండుసార్లు ఊదింది. మూడోసారి ఊదబోతూ ఆగిపోయింది.

సిస్టర్ పళ్ళేన్ని ఆమె నోటి దగ్గరికి జరిపింది. నవోమి అందులోనూ ఊదింది. సిస్టర్ మూత పెట్టి దాన్ని వెచ్చని పెట్టెలో ఉంచింది.

పొద్దున్నే పళ్ళెం నిండా తెల్లటి చుక్కలు. నవోమి దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంది.

"పిల్లకి మంట తగలకూడదనే కదా సిస్టర్ ఊదాను," అంది.

"అవునమ్మా. అందుకే ఊదావు." సిస్టర్ సూదీ సీసాలూ ఉన్న ట్రే ఆమె చేతుల్లోనే పెట్టింది. డాక్టరుగారికి తను చెప్పుకుంటానంది.

ఓబులమ్మ నవోమిని చూసి ధైర్యంగానే చెయ్యి చాపింది. మందు తగలగానే మొహం ముడుచుకుంది.

"మంటగా ఉండాది. ఊదక్కా."

నవోమి మొహం పక్కకి తిప్పుకుంది. తడి ఆరుతోంది. పిల్ల మళ్ళీ అడిగింది. తర్వాత అడగడం మానేసి ఏడుపు లంకించుకుంది. నవోమి చేతుల్లో ఏ పిల్లయినా అలా ఏడవడం వార్డు అంతా అదే మొదటిసారి వింది. ఆమెకీ ఏడుపొచ్చింది. పూర్తిగా ఆరాకే సూది గుచ్చింది.

రోజులు గడిచినా ఆ సీసాలో ఏమీ మొలవలేదు. డాక్టరుగారు గుండె సంగతి వదిలేసి వేరే పరీక్షలు చేయిస్తే, మందలో ఏదో పురుగు కుట్టి వచ్చిన జ్వరమని తేలింది. మాత్రలు పడగానే దిగింది.

ఇంటికి పోయే రోజు ఓబులమ్మ అందరి దగ్గరికీ వెళ్ళింది, నవోమి దగ్గరికి తప్ప. వాళ్ళమ్మ ఎంత బతిమాలినా కొంగు వెనకాలే దాక్కుంది. బండి గేటు దాటేదాకా నవోమి అక్కడే నిలబడి చూసింది.

సిస్టర్ వచ్చి పక్కన నిలబడింది.

"బాధగా ఉందా?"

"ఉంది సిస్టర్."

"ఉండనీ."