గవర్రాజు బొటనవేలు, స్పీడు రీలు

కోనసీమ దిగువన ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క ఊరంతా తాగే మంచినీళ్ళ కాలవ, రెండింటికీ మధ్య మట్టిగట్టు. ఆ గట్టు మీద ఒకే ఒక్క ఇల్లు. అందులో గవర్రాజు, అతని తమ్ముళ్ళు కొండలు, నూకరాజు. ఆ ఇంటివాళ్ళకి తమ తెలివి మీద ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. ఊరెళ్ళేటప్పుడు తలుపుకి తాళం వెయ్యరు. దొంగలు తాళం ఎత్తుకుపోతే? అందుకని తాళాన్ని బీరువాలో భద్రంగా దాచి, తలుపులు బార్లా తీసి వెళ్తారు. ఇంతవరకూ ఒక్క తాళమూ పోలేదు. "బుర్రంటే మనదిరా!" అని గవర్రాజు మీసం దువ్వుకుంటాడు.

ముగ్గురికీ కలిపి ఒక్కతే చెల్లెలు, వీరవేణి. కడుపుతో ఉండి పుట్టింటికొచ్చింది. ఒకరోజు పొద్దున్నే గారాలు పోతూ, "పెద్దన్నియ్యా, నాకు పండుగప్ప చేప పులుసు తినాలనుంది. బజార్లో కొన్నది వద్దు, నువ్వు పట్టిందే కావాలి" అంది.

గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. అమ్మ పోయాక ఆ పిల్లని భుజాన వేసుకుని పెంచింది అతనే. నోరు తెరిచి అడిగిన కోరిక తీర్చకపోతే తనెందుకు, తన మీసమెందుకు? అంతే, తమ్ముళ్ళిద్దర్నీ వెంటేసుకుని కాకినాడ బస్సెక్కేశాడు.

గేలాల కొట్టు మస్తాన్ గారు గేలం దారం చుట్టే రీళ్ళు రెండు తీసి బల్ల మీద పెట్టారు. "పండుగప్ప ఎర మింగి ఒక్కోసారి మనవైపే దూసుకొచ్చేస్తదండి. దారం వదులైతే గేలం ఊడిపోద్ది. అందుకే గబగబా చుట్టే రీలుండాలి. ఈ నల్లది మంచి ఫాస్టు. ఉప్పుటేటికీ పనికొస్తది, కాలవకీ పనికొస్తది."

"మీరు ఫాస్టంటే మేం నమ్మేస్తామేంటండీ? చూడాలి కదా!" అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది! రెండు రీళ్ళనీ నేల మీద పక్కపక్కన పెట్టాడు. కొండలు ఈలేశాడు. ఒక్కటీ కదల్లేదు.

"మనం చూస్తుంటే సిగ్గుపడుతున్నాయన్నియ్యా" అన్నాడు కొండలు. ముగ్గురూ గోడవైపు తిరిగారు. మస్తాన్ గార్ని కూడా భుజాలు పట్టి తిప్పారు. కాసేపటికి వెనక్కి చూస్తే రీళ్ళు ఎక్కడివక్కడే.

"పాపం, దారి తెలీక ఆగాయేమో" అని నూకరాజు వాటిని బయట మెట్ల మీద పెట్టి ఒక్క తోపు తోశాడు. తెల్లది మొదటి మెట్టు మీదే బోర్లా పడింది. నల్లది మెట్లన్నీ దొర్లి, ఆటో కిందనుంచి రోడ్డు దాటి, అవతల మురుక్కాలవలో బుడుంగుమంది.

"గెలిచింది! గెలిచింది!" ముగ్గురూ ఎగిరి గంతేశారు. మస్తాన్ గారు తల పట్టుకున్నారు.

ఆయనే దాన్ని తీసి, కడిగి, దారమెక్కించి, కర్రకి బిగించి ఇచ్చారు. "రెండు మాటలు గుర్తుపెట్టుకోండి బాబూ. గేలం విసిరేటప్పుడు బొటనవేలు రీలు మీంచి తియ్యకండి, తీశారా దారమంతా చిక్కుపడి కాకిగూడైపోద్ది. ఇంకోటి, ఉప్పునీళ్ళు తగిలాక వెంటనే మంచినీళ్ళలో కడిగెయ్యండి."

"గేలం ఎప్పుడు విసురుతామో ఏమో, ఇప్పట్నించే పెట్టుకుంటే పోలేదూ!" అని గవర్రాజు అక్కడే రీలు మీద బొటనవేలు ఆనించాడు. అంతే, ఇంక తియ్యలేదు. బస్సులో కర్ర కొస కండక్టరు చెవిలో దూరినా తియ్యలేదు. దార్లో లుంగీ జారితే కొండలు కట్టాడు. ఇంటికొచ్చాక అన్నం నూకరాజు తినిపించాడు. ఇంత జాగ్రత్త మనిషి తన అన్నయ్య అయినందుకు వీరవేణి మురిసిపోయింది.

పులుసు పొయ్యెక్కించి, చేప కోసం వంటింట్లో ఆత్రంగా కూర్చుంది.

ఉప్పుటేటి ఒడ్డున గవర్రాజు కర్ర ఎత్తి బలంగా ఊపాడు. వేలు అదిమి పట్టాడు కదా, దారం జానెడు కూడా జారలేదు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ అంతే.

నూకరాజు బుర్ర గోక్కున్నాడు. "వేలు తియ్యకుండా విసరమన్నారు. వేలేమో అన్నియ్యకి అతుక్కునుంది. అంటే అన్నియ్యనే విసరాలన్నమాట!"

"అబ్బ! నీ బుర్రే బుర్ర!" అన్నాడు గవర్రాజు పొంగిపోతూ.

ఇంకేముంది! ఒకడు కాళ్ళు, ఒకడు భుజాలు పట్టుకుని ఊపి ఊపి విసిరేశారు. గవర్రాజు ఏట్లో దబ్బున పడ్డాడు. లుంగీ బూరెలా పొంగింది. అంతలోనే అతను కెవ్వుమన్నాడు.

"ఒరే, నా లుంగీలో ఎవరో ఉన్నార్రా!"

ఒడ్డుకి లాగి చూస్తే పండుగప్ప! రెండు మూరల పొడుగు, నిగనిగలాడుతోంది. ముగ్గురూ ఒకర్నొకరు కౌగిలించుకున్నారు.

"ఆగండెహె, ఉప్పునీళ్ళు తగిలాయి, కడగాలి" అన్నాడు కొండలు. అంతే, గవర్రాజుని గట్టు దాటించి కాలవలో ముంచి, బట్టలు జాడించినట్టు జాడించారు. వేలు మాత్రం రీలు మీదే ఉంది.

"మరి చేపక్కూడా ఉప్పునీళ్ళు తగిలాయిగా?" అన్నాడు నూకరాజు.

"ఔన్రోయ్, మర్చేపోయాం!"

చేపని కూడా కాలవలో పెట్టి జాడించారు. అది ఒక్కసారి తోక ఆడించింది. అంతే, మరి కనబడలేదు.

వీరవేణి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "చేపేదీ?"

"కడిగామమ్మా" అన్నాడు కొండలు. "ఎంత శుభ్రంగా కడిగామంటే, ఏమీ మిగల్లేదు."

గవర్రాజు గట్టు మీద కూలబడి గొల్లుమన్నాడు. ఎత్తుకు పెంచిన పిల్ల, ఒక్కటంటే ఒక్క కోరిక కోరితే తీర్చలేకపోయాడు. వీరవేణి అతని కళ్ళు తుడిచింది. "ఊరుకో అన్నియ్యా. చేప ఎక్కడికి పోయింది? కాలవలోనే ఉందిగా. పులుసులో చేప వేస్తేనేం, చేప మీద పులుసు పోస్తేనేం?"

నిజమే కదా! గుండిగ మోసుకొచ్చి పులుసంతా కాలవలో పోసేశారు. వీరవేణి గరిటెడు ముంచి చప్పరించింది.

"బానే ఉంది గానీ, ఉప్పు చాల్లేదన్నియ్యా."

జాడీలో ఉప్పంతా కుమ్మరించారు. మళ్ళీ చప్పరించింది. ఇంకా చాల్లేదంది.

గవర్రాజు ఇటు కాలవని చూశాడు, అటు ఉప్పుటేటిని చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఏరు నిండా ఉప్పుంటే మనం జాడీలు మోస్తున్నామేంట్రా! తెండ్రా పారలు!"

ముగ్గురూ కలిసి గట్టుకి గండి కొట్టేశారు. గవర్రాజు ఒంటిచేత్తోనే తవ్వాడు. పోటు మీదున్న ఉప్పుటేరు భళ్ళున కాలవలో పడింది. వీరవేణి గరిటె ముంచి, కళ్ళు మూసుకుని చప్పరించి, "ఇప్పుడు సరిపోయింది!" అంది.

కాలవ అవతలి ఒడ్డున ఊరంతా గోలగోలగా అరుస్తూ పరుగెత్తుకొస్తోంది. గవర్రాజు ఆనందం పట్టలేక గొంతెత్తి పిలిచాడు.

"తొందరపడకండి బాబూ, అందరికీ సరిపోద్ది! గిన్నెలు తెచ్చుకోండి!"