రోగి చెప్పిన మందు

"రోగి నియమం తప్పితే వైద్యుడు కోప్పడడం తప్పా, గురువుగారూ?" అని మృత్యుంజయం అడిగాడు. అడుగుతున్నప్పుడు కూడా అతని ముక్కుపుటాలు అదురుతూనే ఉన్నాయి. ఇలాంటి ప్రశ్నలు జవాబు కోసం అడిగేవి కావు. "నువ్వు చేసింది సబబేరా నాయనా" అనిపించుకోవడానికి అడిగేవి. లోకంలో సగం ప్రశ్నలు ఈ బాపతువే. ఆ సంగతి అడిగినవాడికి తప్ప అందరికీ తెలుసు.

అతని గురువు భైరవమూర్తిగారు సాలూరు దారిలో చిన్న వైద్యశాల నడిపేవారు. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు బహు తక్కువ. ఆయన వైద్యంలో సగం ముక్కుతోనే నడిచేది. మనిషి అబద్ధం ఆడతాడు, ఒక్కోసారి నాడి కూడా ఆడుతుంది, చెమట మాత్రం ఆడదని ఆయన అనేవారు. ఊపిరి, చెమట, తల వాసన చూసి సగం సంగతి తేల్చేసేవారు. అందుకే ఆ అరుగెక్కేవాళ్ళు సెంటు గానీ, పౌడరు గానీ, వాసన నూనె గానీ రాసుకుని రాకూడదని నియమం. ఎనిమిదేళ్ళ శుశ్రూషలో మృత్యుంజయానికి గురువుగారి ముక్కు అబ్బింది. రోగి గుమ్మంలో ఉండగానే జబ్బు పోల్చేవాడు. ఆయన ఓర్పు మాత్రం అబ్బలేదు. పైగా ఆ ముక్కు మీదే కోపం కూడా కాపురం పెట్టుకుని కూర్చుంది.

ఆ ఉదయం జరిగింది ఇదీ. గురువుగారు లోపల లేహ్యం కలుపుతున్నారు, అరుగు మీద రోగులను శిష్యుడు చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఒక ఆడమనిషి చంకలో పాతబట్టల మూటతో వచ్చింది. బల్ల మీద చోటున్నా కూర్చోకుండా స్తంభం పక్కన నిలబడింది. ఆమె రావడంతోనే అరుగంతా సంపెంగ సెంటు గుప్పుమంది. సంతలో గాజులవాళ్ళ దగ్గర అర్ధణాకి దొరికే రకం అది, బొటనవేలంత సీసాలో వస్తుంది. ఆ ఘాటుకి మృత్యుంజయం కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఒళ్ళు మండిపోయింది.

"ఇక్కడి నియమం తెలీదా నీకు? పోయి కడుక్కునిరా" అన్నాడు.

"కోడి కూయకముందు బయల్దేరినాను బాబూ. ఒక్క మాట సెప్పుకుని ఎలిపోతాను" అందామె.

అతను అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నలుగురూ వింటూ ఉండగా, "మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనెట" అన్నాడు. బల్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వకపోతే తమ వంతు వచ్చినప్పుడు ఏమంటాడోనని వాళ్ళ భయం వాళ్ళది.

ఆమె మొహం జేవురించింది. గుప్పిట్లో ఉన్న సీసా తీసి అతని ఒళ్ళోకి విసిరింది. "ఇది నువ్వే పూసుకో బాబూ. రోజూ పూసుకో. అప్పుడు తెలుస్తాది నీకు" అనేసి, అరుగు దిగి వెళ్ళిపోయింది.

ఆ గొడవ విని గురువుగారు చేతికంటిన లేహ్యంతోనే బయటికి వచ్చారు. జరిగిందంతా విని, "ఏ ఊరు?" అని అడిగారు. శిష్యుడు అడగలేదు. "పేరు?" అదీ అడగలేదు. "బాధేమిటి?" అదీ చెప్పనివ్వలేదు. గురువుగారు వైద్యశాల బండివాణ్ణి పిలిచి, దారికి అటూ ఇటూ వెతికించారు. పొలంగట్ల మీదుగా పోయిందో ఏమో, ఆమె దొరకలేదు. బండి ఖాళీగా తిరిగొచ్చిన ఆ క్షణాన్నే, చూసి చూసి, మనవాడు తన ప్రశ్న అడిగాడు.

గురువుగారు ఆ సీసా అందుకుని, బిరడా తీసి, వాసన చూసి, మళ్ళీ బిగించారు. "ఎనిమిదేళ్ళుగా రోగులకు నువ్వు మందు చెబుతున్నావు. ఇవాళ నీకొక రోగి మందు చెప్పింది. రోజూ పూసుకోమంది. సీసా అయ్యేదాకా పూసుకో. ఆ తరవాత మాట్లాడదాం" అన్నారు.

"ఇది పూసుకుంటే రోగుల వాసన ఎలా తెలుస్తుందండీ?"

"తెలియనక్కర్లేదు. కొట్టంలో కూర్చుని శొంఠి దంచు."

మృత్యుంజయానికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గురువు మాట, జవదాటడానికి లేదు. మర్నాడు పొద్దున్నే మెడకీ మణికట్లకీ పూసుకున్నాడు. కిరసనాయిలూ బెల్లం పాకమూ కలిపి కాచినట్టుంది ఆ వాసన. వంటావిడ వడ్డన దూరం నుంచే కానిచ్చింది. పంక్తిలో పక్కవాడు విస్తరితో సహా అవతలికి జరిగాడు. మందుకోసం వచ్చిన ఒక ముసలాయన, "పెళ్ళిచూపులా బాబూ?" అని నిజంగానే అడిగాడు. కొట్టంలో రోకలి పట్టుకుని అతను గురువుని తిట్టుకున్నాడు, ఆ ఆడమనిషిని తిట్టుకున్నాడు, సంపెంగ చెట్టుని పుట్టించిన బ్రహ్మని కూడా వదల్లేదు. రెండు రోజుల్లో దంచిన శొంఠి అంత మెత్తగా ఆ వైద్యశాలలో ఎన్నడూ రాలేదని తరవాత చెప్పుకునేవారు.

మూడోనాడు మధ్యాహ్నం దంచడం మధ్యలో చెయ్యి ఆపాడు. ఎక్కణ్ణించో మంచి వాసన వస్తోంది. సంపెంగ చెట్టు కింద నిలబడితే వచ్చేది కాదు, ఆ చెట్టున్న వీధి మలుపు తిరగ్గానే సన్నగా తగిలేది. ప్రహరీ మీదుగా తొంగి చూశాడు. చుట్టుపక్కల సంపెంగ చెట్టు లేదు. మళ్ళీ వచ్చి కూర్చుంటే మళ్ళీ వచ్చింది. చివరికి మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే అర్ధణా సరుకు. పొద్దున తల పగలగొట్టిన ఘాటంతా ఎండకీ చెమటకీ ఎగిరిపోయింది, పువ్వు మాత్రం మిగిలింది. అంత బాగున్నందుకు కూడా అతనికి కోపమే వచ్చింది. ఇంత మంచిది లోపల పెట్టుకుని పైకి ఆ రోత దేనికి అని సీసాని కసిరాడు. కసురుతూనే ఇంకోసారి వాసన చూశాడు.

నాలుగోనాడు ఎవరూ చెప్పకుండానే, చీకటితోనే లేచి పూసుకున్నాడు. ఘాటు తగ్గడానికి రెండు గడియలు పడుతుందని కనిపెట్టాడు. ఒక జాము గడిచాక అది ఇంకా మెత్తబడుతుంది. పనిలో పడి మరిచిపోయినప్పుడు వచ్చి పలకరిస్తుంది, వెతుక్కుంటే దొరకదు. అంగడిలో తులాల లెక్కన అమ్మే అత్తరు కూడా అతను చూశాడు. అది గదిలోకి మనకంటే ముందు నడుస్తుంది. ఇది మన పక్కనే కూర్చుంటుంది. వైద్యుడి బుద్ధి కనక దాని గుణమంతా మనసులో రాసుకున్నాడు.

అలా రాసుకుంటూ ఉంటేనే, ఐదోనాడు, రోకలి చేతిలో ఉండగానే అతనికి తట్టింది. కోడి కూయకముందు బయల్దేరానని కదా ఆమె అంది. అరుగెక్కేసరికి బారెడు పొద్దెక్కింది. ఇంటి దగ్గర పూసుకుని బయల్దేరి ఉంటే, అప్పటికి ఘాటు పోయి ఉత్త పువ్వు వాసన రావాలి. కళ్ళు మండేటంత ఘాటు వచ్చిందంటే, ఆమె సెంటు పూసుకున్నది ఇంటి దగ్గర కాదు. వైద్యశాల గుమ్మం ముందు. సోకు చేసుకునేవాళ్ళు ఇంట్లో అద్దం ముందు చేసుకుంటారు. వాసన చూసే వైద్యుడి గుమ్మంలో నిలబడి, హడావిడిగా, సీసా ఇంకా గుప్పిట్లోనే ఉండగా పూసుకునేవాళ్ళు ఎవరు? చోటున్నా బల్ల మీద ఎందుకు కూర్చోలేదు? చంకలో ఆ పాతబట్టల మూట దేనికి?

ముక్కున్నవాడికి ఆ రోజే తెలియవలసింది. ఇన్నాళ్ళూ ఊరందరి మీదా తిరిగిన అతని కోపం తిన్నగా తన మీదికే వచ్చి పడింది. రోకలి అక్కడే పడేసి సంతకి పోయాడు. గాజుల కామయ్యని పట్టుకుని, ఈ సీసాలు ఎవరు కొంటారని నిలదీశాడు.

"పెళ్ళికొకటి, తీర్థానికొకటి కొంటారు బాబూ. వారం వారం కొనేది మాత్రం గెడ్డవలస సన్యాసమ్మొక్కర్తే" అన్నాడు కామయ్య.

వైద్యశాల బండి కట్టించుకుని గెడ్డవలస చేరేసరికి ఆమె పశువుల పాక వెనక ఒంటినిట్టాడి గుడిసె పంచలో ఉంది. కంచె నిండా తడిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"మల్లీ గెంటడానికి ఊరుదాకా ఒచ్చినావేటి?"

"సెంటు మా గుమ్మంలో పూసుకున్నావు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు" అన్నాడు మృత్యుంజయం.

"ఇప్పుడు తెలిసిందా? అయితే పూర్తిగా ఇనుకో" అందామె. "మూడు దినాలు నొప్పులు పడ్డాను. పిల్ల దక్కలేదు. ఆనాటి నుంచి ఒంట్లో నీరు నిలవదు. రేయీ పగలూ కారతానే ఉంటాది. అత్త ఇంట్లోకి రానీదు, బావికాడ నిలబడనీరు, నా మొగుడు దూరాన్నించి మాటాడతాడు. వైద్యుడికాడా గెంటేస్తారని నాకు తెల్దా? సెప్పుకునే దాకానైనా నిలబడనిస్తారని పూసుకున్నాను. దానికి నువ్వు మీసాలంటావా, నూనంటావా?"

మృత్యుంజయం తప్పయిపోయిందన్నాడు.

"నీ తప్పు నాకేటి అక్కరకొస్తాది?" అంది సన్యాసమ్మ.

నిజమే. క్షమించమని అడగడం కూడా ఒక్కోసారి అడుక్కోవడమే, అవతలివాళ్ళ దగ్గర ఏముందో చూసుకోకుండా. ఆ మాట అతనికి బాగానే తగిలింది. "రా, గురువుగారికి చెప్పుకుందువు గాని. నీ మాట పూర్తయ్యేదాకా నిన్నెవరూ లెమ్మనరు. నవ్వితే నవ్వినవాళ్ళు లేచిపోతారు" అన్నాడు. ఆమె చాలాసేపు అతన్ని ఎగాదిగా చూసింది. తరవాత కంచె మీద ఆరిన గుడ్డలు తీసి మూట కట్టుకుంది.

బండి దగ్గర ఇంకో తగువు. బండివాడు ముక్కు తిప్పుకుని, "కొత్తగడ్డి పరిచాను బాబూ, ఈవిణ్ణెక్కించలేనండి" అన్నాడు. మృత్యుంజయం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. భుజం మీది ఉత్తరీయం లాగి గడ్డి మీద పరిచి, "కూర్చో సన్యాసమ్మా" అన్నాడు. తనూ ఎక్కి ఆమె పక్కనే కూర్చుని, "నోరు మూసుకుని తోలు" అని బండివాడి మీద ఒక్క కేక వేశాడు. ఎనిమిదేళ్ళలో అతని కోపం ఒక మనిషికి పనికిరావడం అదే మొదలు.

గురువుగారు ఆమె చెప్పిందంతా విన్నారు. మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "కాన్పులో లోపల చిరిగింది. కోక చిరిగితే కషాయం పోస్తే అతుక్కుంటుందా తల్లీ? కుట్టాలి. ఆ కుట్టు నా చేతిలో లేదు" అన్నారు. పట్నం పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు పేర చీటీ రాసి, తోడుగా తన భార్యను పంపారు. మొదటిసారి కుట్లు నిలవలేదు. సన్యాసమ్మ ఇంటికి పోతానంది. ఏ ఇంటికి పోతావని గురువుగారి భార్య కేకలేసి ఆపారు. రెండోసారి వేసిన కుట్లు నిలిచాయి.

నాలుగు నెలలకి ఆమె వైద్యశాలకు వచ్చింది. చేతిలో మూట లేదు. నడిచి వచ్చిన అలసటతో నేరుగా బల్ల మీద నలుగురి మధ్యా కూర్చుంది. సెంటు పూసుకునే వచ్చింది, నియమమూ లేదు, గియమమూ లేదు. మృత్యుంజయం పక్క నుంచి వెళుతూ ఉంటే ఆ వాసన తగిలింది. ఘాటు ఎక్కడా లేదు, ఉత్త సంపెంగ. చీకటితో లేచి, ఇంట్లో, తన ఇష్టానికి పూసుకుని బయల్దేరిందన్నమాట. అతను ఆ ఒక్క సంగతి చాలనుకుని ఊరుకోలేక, "బాగున్నావా సన్యాసమ్మా?" అని పలకరించాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. గురువుగారితో రెండు మాటలు మాట్లాడి, ఆయన భార్యకు దణ్ణం పెట్టి, అతని వైపు చూడకుండానే అరుగు దిగింది.

మృత్యుంజయం చిన్నబుచ్చుకున్నాడు. బండి కట్టించింది తను, ఉత్తరీయం పరిచింది తను. గురువుగారి దగ్గరికి వెళ్ళి, "ఆవిడకి నా మీద కోపం ఇంకా పోలేదండీ" అన్నాడు.

గురువుగారు మందు నూరుతున్న ఖల్వం మీంచి తలెత్తారు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఆవిడకి కోపం వచ్చింది కనక బతికింది. నిన్నొక్క మాట కూడా అనకుండా, తలొంచుకుని ఈ అరుగు దిగి పోయినవాళ్ళున్నారే, వాళ్ళని ఎక్కడని వెతుకుతావురా?"